కొత్త బండి – మొదటి ప్రయాణం



గుడివాడ షోరూములో తాళం చేతికి వచ్చింది మొదలు నందివాడలో ఇంటి ముందు స్టాండు వేసేదాకా సాగే ప్రయాణం చిన్నదే. కాని దాని వెనుక ఎంత కష్టమున్నదో మన కుటుంబాలకు తెలుసు. చేపల చెరువు మీద చేసిన కూలి, ధాన్యం అమ్మిన డబ్బు, అమ్మ తెచ్చిన డ్వాక్రా అప్పు, ఫైనాన్సు వాయిదాలు అన్నీ కలిస్తేనే ఒక మోటారు సైకిలు. అందుకే బండి ఇంటికి వచ్చిన రోజు పండుగలా ఉంటుంది. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించుకుంటాము. ఈ నెల మనం మాట్లాడుకోవలసినది ఆ ప్రార్థన ముగిసిన తరువాతి గంట గురించి.

ఒకప్పుడు మన పల్లెలలో బుల్లెట్టో, రాజ్‌దూతో, జావాయో ఏ ఒకటి రెండు ఇండ్లలోనో ఉండేవి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే ఇటువంటి బండ్ల వలన సామాన్యుడు కూడా మోటారు సైకిలు కొనగలిగాడు. నేడు కొత్త బండి వింత కాదు. అయినా మొదటి రోజు ఉత్సాహం మాత్రం తగ్గలేదు.

అసలు కొత్త బండి స్వభావం ఏమిటి? ఇంజనులోని పిస్టను రింగులు, సిలిండరు గోడలు ఒకదానికొకటి ఒరుసుకొని సర్దుకొనడానికి కొంతకాలం పడుతుంది. అప్పుడు రాలే సన్నని లోహపు పొడి ఆయిలులో చేరుతుంది. అందుకే సాధారణంగా 500 నుండి 1,000 కిలోమీటర్ల లోపు మొదటి సర్వీసు చేయించి, ఆయిలు మార్పించమంటారు. అంతవరకు ఏక్సిలేటరు పూర్తిగా తిప్పరాదు, ఎక్కువ బరువు ఎక్కించరాదు. కొత్త టైరు నునుపుగా ఉంటుంది; కొంత దూరం నడిచేదాకా రోడ్డును గట్టిగా పట్టదు. కొత్త బ్రేకులూ అంతే. బండి ఇంకా చేతికి లొంగని రోజే కుర్రవాని ఉత్సాహం ఉప్పొంగే రోజు! ప్రమాదమంతా అక్కడే ఉన్నది.

పైగా మన దారులు చూడండి. చేపల లారీ వెళ్లిందంటే ఐసు నీళ్లు రోడ్డు మీద కారుతూ పోతాయి. కోతల కాలంలో సగం రోడ్డు ధాన్యానికే సరిపోతుంది. పక్కన చెరువో, కాలువో ఉంటుంది. చీకటి పడితే ఇంటికి మళ్లే గేదెలు దగ్గరకు వచ్చేదాకా కనబడవు. కనుక మొదటి ప్రయాణం పగటిపూట, నెమ్మదిగా, ఒక్కరే చేయాలి. చుట్టాలను, స్నేహితులను ఒక రౌండు తిప్పడం తరువాతి మాట. ఎప్పుడైనా సరే, వెనుక కూర్చొనవలసినది ఒక్కరే.

తల్లిదండ్రులతో ఒక మాట. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరుకు బండి ఇచ్చి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆ యజమాని పేరునే వర్తిస్తుంది. బండి తండ్రి పేరున ఉండి కొడుకు నడిపితే అది కొడుకుకు రాదు. ఈ సంగతి కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడే అడిగి తెలుసుకొనండి.

బండితోపాటు హెల్మెటు ఇవ్వవలెనని నిబంధన ఉన్నది. అడిగి తీసుకొని, ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. వెనుక కూర్చొనే అమ్మకూ, నాలుగేళ్లు దాటిన బిడ్డకూ అది కావాలి. ఇంట్లో తాళం, హెల్మెటు ఒకే మేకుకు తగిలించండి. ఒకటి తీస్తే రెండవది చేతికి రావాలి.

కాపాడమని ప్రార్థించి "ఆమేన్" అన్న నోటితోనే, గేటు దాటగానే "ఎంత స్పీడు పోతుందో చూద్దాం" అనవచ్చునా? బండికి గీత పడితే రంగు వేయించుకోవచ్చు. బిడ్డకు ఏమైనా అయితే ఆ వాయిదాలు ఎవరి కోసం కట్టాలి?

ఈ నెల కొత్త బండి కొన్న ఇండ్లవారు, రాత్రి భోజనాల దగ్గర ఈ మాటలు పిల్లలకు చదివి వినిపించండి.