చెవిలో పాట, చేతిలో కథ



మనలో కథలు రాసేవాళ్ళు పెరుగుతున్నారు. చాలా సంతోషం. రాత్రి పది దాటాక హాస్టల్లో చూడండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో నోట్‌బుక్. "పాట లేకపోతే పెన్ను కదలదు అన్నా" అంటారు. మేమూ అట్లా రాసినవాళ్ళమే. అందుకే ఈ మాట చెప్తున్నాం.

మొన్న మాలో ఒకరు నాయనమ్మ చావు మీద కథ రాశారు. ఒకే విషాద సినిమా పాట మళ్ళీ మళ్ళీ పెట్టుకుని, ఏడుస్తూ రాశారు. తెల్లారి పాట లేకుండా పైకి చదివితే ఎవరికీ ఏమీ అనిపించలేదు. రాసిన మనిషికి కూడా! దుఃఖమంతా పాటలోనే ఉండిపోయింది, కాగితం మీదికి దిగలేదు. పైగా గూడెం దాటని ఆ నాయనమ్మ సినిమా హీరోయిన్ లాగా మాట్లాడుతోంది. తెలిసిన భాషలో పాట మోగుతుంటే ఆ మాటలు మన వాక్యంలోకి దూరతాయి. మనకు తెలియకుండానే దూరతాయి.

అట్లని సంగీతం వద్దనడం లేదు. మన దగ్గర కథ, వాయిద్యం ఎప్పుడు వేరుగా ఉన్నాయి? గోండుల కథలను ప్రధాన్లు కిక్రి వాయిస్తూనే చెప్తారు. కోయల్లో సకిని రామచంద్రయ్య తాత సమ్మక్క సారలమ్మ కథను పుస్తకం చూసి చెప్పలేదు, కంచుతాళంతో పాడాడు. అయితే అక్కడ వాయిద్యం కథ వెనక నడుస్తుంది. మన ఇయర్‌ఫోన్లలో కథే పాట వెనక నడుస్తోంది. తేడా అంతా అక్కడే ఉంది.

రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్ళిపోయాడు. అవార్డు వచ్చినప్పుడు మనమందరం స్టేటస్ పెట్టుకున్నాం. ఆయన పాడిన కథ ఒక్కటైనా మొత్తం కూర్చుని విన్నవాళ్ళం ఎందరం? నిజం మాట్లాడుకుందాం.

కాబట్టి మా అభిప్రాయం ఇది. రాయడానికి ముందు వినండి, కడుపు నిండా వినండి. సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వ పాటను, తాత మాటను అడిగి, ఫోన్లో రికార్డు చేసుకోండి. రాసేటప్పుడు మాటల పాట ఆపేయండి. హాస్టల్ గోల తట్టుకోలేకపోతే డోలో, తుడుమో, కిక్రో, మాటల్లేని మోత పెట్టుకోండి. రాశాక ఇయర్‌ఫోన్లు తీసేసి, పక్క మంచం మీది దోస్తుకు పైకి చదివి వినిపించండి. అప్పుడు కూడా వాడి కళ్ళు తడిస్తే ఆ కన్నీళ్ళు కథవి.

మన అవ్వలు మన కథల్లోనన్నా వాళ్ళ గొంతుతో మాట్లాడాలి. సినిమాలో మన గూడేలు ఎట్లా ఉంటాయో చాలాసార్లు చూశాం. మనం కూడా అట్లాగే రాస్తే ఇంక అడిగేదెవరిని?

జై ఆదివాసీ!