కత్తిరించిన సాక్ష్యం

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు రాక్ గార్డెన్ ఉంది. 2013 జూలైలో 'బాహుబలి' చిత్రీకరణ మొదలైంది అక్కడే. 2015లో, 2017లో రెండు భాగాలుగా వచ్చిన ఆ కథను రాజమౌళి ఒకటిగా కూర్చి 2025 అక్టోబరు 31న మళ్లీ విడుదల చేశారు. ఐదు గంటలకు పైగా సాగిన కథ మూడుముప్పావు గంటలకు కుదిరింది. శివుడు, అవంతికల ప్రేమకథ చాలావరకు పోయింది, కొన్ని పాటలూ పోయాయి. మా సంఘ యువకులు చూసివచ్చి, 'ఏమీ తగ్గినట్టే లేదయ్యగారూ' అన్నారు. ఒక అమ్మాయి మాత్రం, 'అవంతిక తగ్గింది కదా!' అంది. సినిమా మంచిచెడ్డలు చెప్పడం మా పని కాదు గాని, ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది.

బైబిల్లోనూ ఒకే కథకు రెండు కూర్పులున్నాయి. రెండవ సమూయేలు 11లో దావీదు యెరూషలేములో ఉండిపోతాడు, యోవాబు రబ్బాను ముట్టడిస్తాడు. తర్వాత బత్షెబతో పాపం, ఊరియా హత్య, నాతాను గద్దింపు. 12వ అధ్యాయం చివరలో గాని రబ్బా పట్టుబడదు. మొదటి దినవృత్తాంతములు 20లో అదే యుద్ధం మూడు వచనాల్లో ముగుస్తుంది. దావీదు యెరూషలేములో ఉన్నాడు, రబ్బా కూలింది, దాని కిరీటం దావీదు తలకెక్కింది. మధ్యలో జరిగింది లేదు.

ఇది అబద్ధమా? కాదు. చెరనుంచి తిరిగివచ్చిన ప్రజలకు దేవాలయాన్ని, దావీదు వంశాన్ని గుర్తుచేయడం ఆ గ్రంథకర్త ఉద్దేశం. జనసంఖ్య లెక్కించిన దావీదు పాపాన్ని ఆయన దాచలేదు. దేవాలయ స్థలం దొరికింది ఆ కథలోనే కదా! పరాక్రమశాలుల జాబితాలో ఊరియా పేరూ ఉంది (11:41). అతడెలా చనిపోయాడో మాత్రం లేదు. అయితే శతాబ్దాల తర్వాత మత్తయి ప్రభువు వంశావళి రాస్తూ బత్షెబ పేరు చెప్పకుండా ఆమెను ఊరియా భార్యగానే చూపించాడు (1:6). ఒక కూర్పులో కనబడని అన్యాయాన్ని పరిశుద్ధాత్ముడు రక్షకుని వంశావళిలోనే గుర్తుచేశాడు.

కొన్నేళ్ల క్రితం కడప జిల్లాలోని ఒక గ్రామ కూడికలో ఒక సోదరుడు సాక్ష్యం చెప్పాడు. ఐదు నిమిషాల్లో ముగించమన్నది మేమే. 'పదేళ్లు తాగినాను, ప్రభువు మార్చినాడు' అన్నాడు. అందరం హల్లెలూయ అన్నాం. కూడిక ముగిశాక ఆయన భార్య మా దగ్గరికి వచ్చి, 'అయ్యగారూ, ఆయన పదేళ్లు ఒక్క మాటలో అయిపోయినాయి. నా పదేళ్లు ఎక్కడా రాలేదు' అంది. వేరుశనగ కాయలు ఒలిచిన కూలితో ఆ అప్పులకు వడ్డీ కట్టింది ఆమె. పుట్టింటి కమ్మలు కుదువబెట్టి బిడ్డల ఫీజులు కట్టింది ఆమె. మాకు జవాబు దొరకలేదు.

సాక్ష్యంలో కత్తిరింపు తప్పదు. పాపాన్ని రసవత్తరంగా వర్ణించనవసరం లేదు. గాయపడినవారి అనుమతి లేకుండా వారి గాయాన్ని పదిమందిలో పెట్టడం మరో అన్యాయం. కాని మన సాక్ష్యాల్లో సాధారణంగా పోయేది ఎవరు? మనం నష్టపరచినవారే! మనం, మన ప్రభువు, మన విజయం మిగులుతాయి. ఊరియా పోతాడు. జక్కయ్య అలా చేయలేదు. రక్షణ ఆనందంలోనే, తాను అన్యాయంగా తీసుకున్నవారికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). అతని సాక్ష్యంలో బాధితులకు చోటుంది.

తర్వాత మేము ఆ ఇంటికి వెళ్లాం. అడగవలసినవారిని అడిగి, కొన్ని వారాలకు ఆ సోదరుడు సంఘం ముందు మళ్లీ నిలబడ్డాడు. ఇంకా తీర్చవలసిన అప్పెంతో చెప్పాడు, అప్పటిదాకా తీర్చిందెవరో చెప్పాడు. ఆ రోజు హల్లెలూయ అన్నవారు తక్కువ. ఆమె మాత్రం తలెత్తి విన్నది.

ప్రియ చదువరీ, ఈ ఆదివారం సాక్ష్యానికి లేచేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: మన కథలో ఊరియా ఎవరు?