ఆటోనగర్‌ను అలా కొట్టిపారేయొద్దు



కారు విడిభాగాలు కంపెనీ సర్వీస్ సెంటర్లోనే కొనాలని గత వారం మీ పత్రికలోని ఒక వ్యాసంలో వచ్చిన సలహా చదివాను. వారంటీ ఉన్నంతవరకు సరే. ఆ తర్వాత కూడా అదే మాటంటే మధ్యతరగతి జేబుకు చిల్లే.

ఏ కారు కంపెనీ అయినా అన్ని భాగాలూ తానే తయారు చేయదు. క్లచ్ వాలియో నుంచో, స్పార్క్ ప్లగ్ బాష్ నుంచో వస్తుంది. ఆ తయారీదారుల సరుకే వాళ్ల సొంత డబ్బాలో విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది, చాలాసార్లు తక్కువ ధరకే.

పాతకాపు దుకాణదారు మోడల్ పేరు చెబితే చాలనుకోడు. చాసిస్ నంబరు అడుగుతాడు. విప్పి తెచ్చిన పాత భాగాన్ని కౌంటర్ మీద కొత్తదాని పక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, పళ్ల లెక్క సరిచూస్తాడు. ఒకే మోడల్‌లోనూ తయారీ నెలను బట్టి భాగం మారొచ్చని అతనికి తెలుసు. ఈ శ్రద్ధ నాకు ఆన్‌లైన్‌లో దొరకలేదు.

నకిలీల బెడద నిజమే, వ్యాసకర్త భయం అర్థం లేనిది కాదు. బ్రేకు ప్యాడ్లు, స్టీరింగ్ భాగాలు బిల్లు లేకుండా ఎవరిచ్చినా తీసుకోకూడదు. గతంలో చాలా విడిభాగాలపై 28 శాతం ఉన్న జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నిటికీ 18 శాతమే. ‘బిల్లు వద్దంటే తగ్గిస్తా’ అనే మాటకు లొంగాల్సిన పని ఇప్పుడు అసలే లేదు. బిల్లు మీద భాగం నంబరు కూడా రాయించుకుంటే, తేడా వచ్చినప్పుడు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయడానికి చేతిలో ఆధారం ఉంటుంది. ఆ వ్యాసానికి కొనసాగింపుగా ఈ సంగతులూ ప్రచురించగలరు.

– ఒక పాఠకుడు, గుంటూరు