అదను అమ్ముకుంటున్న ఆట

ఎప్పుడూ మినుము ధర, కాలువ నీళ్ళు, పురుగుమందుల గోలేనా అని కొందరు కుర్రాళ్ళు నన్ను అడుగుతున్నారు. సరే, ఈ రోజు వాళ్ళ దారిలోకే వస్తా. సెప్టెంబర్ 5, 2025న వచ్చిన బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ ఎన్‌బీఏ 2కే26 గురించి చెప్తా. రాత్రి భోజనాలయ్యాక రోజుకో గంట చొప్పున ఓ పది రోజులు మా అబ్బాయి ప్లేస్టేషన్ 5 మీద ఆడి చూశాను. కాలేజీ రోజుల్లో సిమెంటు కోర్టు మీద మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఆడినవాణ్ణి కాబట్టి, ఏది అసలు, ఏది నకిలీ అన్నది కొంచెం తెలుసు. పెద్దవాళ్ళు కూడా చదవండి. ఈ కథ చివరికి మీ జేబు దగ్గరకే వస్తుంది.

ముందు తెలియనివాళ్ళ కోసం. ఇది అమెరికా ఎన్‌బీఏ లీగ్ ఆట. 1999లో మొదలైన సిరీస్, ఏటా ఒకటి వస్తుంది. ఈసారి అట్ట మీద బొమ్మ షే గిల్జియస్-అలెగ్జాండర్‌ది. 2025లో ఓక్లహోమా సిటీ థండర్‌ని ఛాంపియన్‌గా నిలబెట్టినవాడు, ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు కూడా అతనే.

ఇక కంట్రోళ్ళు. మన ఇళ్ళల్లో రిమోట్ అంటాం, పిల్లలు కంట్రోలర్ అంటారు. ఎడమ బొటనవేలి కింద ఉన్న స్టిక్‌తో మనిషిని నడిపించాలి. కుడి చూపుడువేలి కింద ఉన్న ఆర్2 నొక్కి పట్టుకుంటే పరుగు. కుడి బొటనవేలి కింద స్టిక్‌ని అటూ ఇటూ తడితే బంతిని కాళ్ళ మధ్య నుంచి, వీపు వెనక నుంచి తిప్పుతాడు. అదే స్టిక్‌ని కిందకి లాగితే షాట్‌కి లేస్తాడు. బటన్‌తో కూడా షాట్ వేయొచ్చు గానీ, నా మాట విని స్టిక్‌తోనే నేర్చుకోండి. కిందకి లాగి, మళ్ళీ పైకి తోయాలి. ఎప్పుడు తోశామన్నదే కాదు, ఎంత వేగంగా తోశామన్నదీ లెక్కే. మోచేయి లేచి, మణికట్టు విరిగే ఆ ఊపు బొటనవేలికి తెలుస్తుంది. ఇది నాకు బాగా నచ్చింది. బటన్ నొక్కితే షాట్ "కొట్టించినట్టు" ఉంటుంది, స్టిక్‌తో అయితే మనమే కొట్టినట్టు ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే ఇదంతా అదను. విత్తనం మంచిదే, నేల మంచిదే, కానీ పదను ఆరిపోయాక చల్లితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆటలో కూడా అంతే. ముందే తోస్తే బంతి రింగుకి తగిలి బయటకి పోతుంది, ఆలస్యమైనా అదే గతి. సరిగ్గా అదనులో వదిలితే తెర మీద పచ్చరంగు మెరుస్తుంది, బంతి వలలో పడుతుంది. పైగా ఒక్కొక్కడి అదను ఒక్కోలా ఉంటుంది. స్టెఫెన్ కర్రీ చేతిలోంచి బంతి కళ్ళు మూసి తెరిచేలోపు వెళ్ళిపోతుంది. నికోలా యోకిచ్ తాపీగా, ఎగరకుండానే వేసేస్తాడు. ఒకడికి అలవాటుపడ్డ వేలు ఇంకొకడికి పనికిరాదు. నేలని బట్టి సేద్యం చేసినట్టు, మనిషిని బట్టి ఆడాలి.

కదలికల విషయానికొస్తే, పాత ఆటల్లో మనుషులు కోర్టు మీద నడిచేవాళ్ళు కాదు, నూనె పోసిన గచ్చు మీద జారినట్టు ఉండేది. ఈ సిరీస్‌లో 2023 నుంచి, అంటే 2కే24 నుంచి, అసలు మ్యాచ్‌ల వీడియోల్లోంచి ఆటగాళ్ళ కదలికలు తీసి ఆటలోకి తెస్తున్నారు. ఈసారి అడుగులు పడే తీరు మీద కంప్యూటర్ చేత నేర్పించే పద్ధతితో ఇంకా పని చేశామని తయారు చేసినవాళ్ళు చెప్పారు. కాళ్ళ వంకే చూడండి, తేడా కనిపిస్తుంది. పరుగులో ఉన్నవాడు ఆగాలంటే కాలు ఊన్చాలి, ఒళ్ళు ఒకవైపు ఒరగాలి, ఆ తర్వాతే తిరగాలి. ఏడడుగుల మనిషి తిరగడానికి పట్టే టైము, ఆరడుగుల మనిషి తిరగడానికి పట్టే టైము ఒకటి కాదు. గిల్జియస్-అలెగ్జాండర్ అసలు గొప్పతనం వేగం కాదు, ఆగడం. ఎదుటివాడు వెనక్కి పడిపోతుంటే ఇతను టక్కున ఆగి తాపీగా షాట్‌కి లేస్తాడు. ఆ ఆగడం ఈ ఆటలో నిజంగా ఉంది. ఆర్2 వదిలేసి స్టిక్ లాగి చూడండి, తెలుస్తుంది. ఎప్పుడూ ఆర్2 నొక్కిపట్టి పరిగెత్తించే పిల్లలకి మాత్రం ఆటగాడు అలిసిపోయి చేతులెత్తేస్తాడు. అదీ న్యాయమే.

నచ్చనివీ చెప్పాలి కదా. గుంపులో చేయి పెట్టి బంతి లాగే చోట ఇంకా బొమ్మలాట వాసన పోలేదు. మీరు ఒకటి అనుకుని బటన్ నొక్కుతారు, ఆట ఇంకేదో కదలిక మొదలెడుతుంది, అది అయ్యేదాకా మీ మాట వినదు. దెబ్బల సంగతి కూడా అంతే. 2025 ఫైనల్స్ ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే ఇండియానా ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ మడమ పైన నరం తెగి కూలబడ్డాడు. చూసినవాళ్ళు ఎవరూ ఆ మొహం మర్చిపోలేరు. ఆటలో దెబ్బ అంటే తెర మీద ఒక లైను, ఇన్ని వారాలు రాడు అని. అంతకంటే ఎక్కువ ఆశించడం కూడా తప్పేమో, వదిలేద్దాం.

ఇంకో సంగతి పల్లెల్లో ఉన్నవాళ్ళకి ముఖ్యం. ఈ ఆట సెకనుకి 60 బొమ్మల చొప్పున నడుస్తుంది. అంటే ఒక్కో బొమ్మ సెకనులో అరవయ్యో వంతు. ఇంటర్నెట్‌లో వేరేవాళ్ళతో ఆడేటప్పుడు నెట్ సెకనులో పదో వంతు ఆలస్యమైతే ఆరు బొమ్మలు వెనకబడ్డట్టు. అదను అంతా కొన్ని బొమ్మల్లోనే ఉండే చోట ఆరు బొమ్మలు పోతే ఇంకేం మిగిలింది? మన ఊళ్ళల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే, మబ్బు పడితే చాలు. కాబట్టి ఆన్‌లైన్‌లో షాట్లు పడకపోతే మీ వేలిని తిట్టుకోకండి. ఇంట్లో కంప్యూటర్ మీద ఆడితేనే కంట్రోళ్ళ అసలు రుచి తెలిసేది.

ఇంతవరకూ పొగడ్తే ఎక్కువ. ఇప్పుడు అసలు విషయం.

ఈ ఆటలో "మై కెరీర్" అని ఒకటి ఉంది. మీరే ఒక ఆటగాణ్ణి తయారు చేసి పైకి తేవాలి. పిల్లలు ఎక్కువగా ఆడేది ఇదే. మీవాడు 60 రేటింగ్ దగ్గర మొదలవుతాడు, పైన 99 దాకా ఉంది. షాటు, పాసు, ఎగరడం, కాపలా, ప్రతిదానికీ విడివిడిగా రేటింగ్. ఇవి పెరగాలంటే వీసీ అనే ఆట డబ్బు కావాలి. మ్యాచ్‌లు ఆడితే కొంచెం కొంచెం వస్తుంది. లేదా అసలు డబ్బు పెట్టి కొనొచ్చు. మీవాణ్ణి నలుగురిలో నిలబడేలా చెయ్యాలంటే లక్షకి పైగా వీసీ పోయాలి. ఒక మ్యాచ్‌కి వచ్చేది దాని ముందు ఏ మూలకీ చాలదు. ఆట వచ్చినప్పుడు దానికే అమెరికాలో 70 డాలర్లు, ఆ పైన ఇది.

ఇక్కడ కిటుకు గమనించండి. మూడు పాయింట్ల షాట్ రేటింగ్ పెరిగితే ఏమవుతుంది? అదను వెడల్పవుతుంది! పచ్చరంగు మెరిసే ఆ క్షణం, తక్కువ రేటింగ్ ఉన్నవాడికి సన్నటి గీత, ఎక్కువ రేటింగ్ ఉన్నవాడికి వెడల్పాటి పట్టీ. అంటే నేను మొదట్నుంచీ ఏదైతే మెచ్చుకుంటున్నానో, ఆ ఓపిక, ఆ వేలి నేర్పు, ఆ సమయం చూసుకోవడం, దాన్నే వెనక గుమ్మంలో తూకం వేసి అమ్ముతున్నారు. పది రోజులు చెమటోడ్చి నేర్చుకున్నవాడి పక్కన, కార్డు గీకినవాడు నేర్చుకోకుండానే నిలబడతాడు.

"రియలిజం, రియలిజం" అని చెప్పేది మరి దేన్ని? చెమట చుక్కలు మెరవడం, చొక్కా ముడతలు కదలడం రియలిజం కాదండీ. అసలు బాస్కెట్‌బాల్‌లో రింగు పది అడుగుల ఎత్తున ఉంటుంది, డబ్బున్నవాడికి తొమ్మిదడుగులకి దిగదు. ఎన్‌బీఏ మొత్తం మీద మూడు పాయింట్ల షాట్లు నూటికి 36 దగ్గర పడతాయి, ప్రపంచంలో అంత గొప్పవాళ్ళు వేస్తేనే. ఆన్‌లైన్‌లో వీసీ పోసి పెంచినవాళ్ళు పదికి ఏడు వేసేస్తుంటే అది ఏ లోకంలో ఆట? కాళ్ళు నేల మీద ఊన్చడం నేర్పారు, ఆటనే నేల విడిచి సాము చేయిస్తున్నారు.

పోనీ కొన్నది మనదేనా? అదీ కాదు. ఈ సిరీస్‌లో 2022లో వచ్చిన 2కే23 సర్వర్లని 2024 డిసెంబర్ 31న మూసేశారు. రెండేళ్ళ చిల్లర, అంతే. ఆన్‌లైన్‌లో పెంచుకున్న ఆటగాడు దానితో పాటే పోయాడు. కొత్త ఏడాది కొత్త ఆట, మళ్ళీ 60 నుంచి మొదలు. దీన్ని కొనడం అనరు, కౌలు అంటారు. కౌలుదారుకి కనీసం పంట మిగులుతుంది.

ఇదే ఆటలో "మై టీమ్" అని ఇంకోటి ఉంది. ప్యాకెట్ కొంటే లోపల ఏ ఆటగాడి కార్డు వస్తుందో తెలియదు. 2018లో బెల్జియం జూద నియంత్రణ కమిషన్ ఇలాంటి పెట్టెలు కొన్ని ఆటల్లో జూదమేనని తేల్చింది. ఆ తర్వాత ఈ సిరీస్‌లో కూడా ఆ దేశంలో వీసీతో ప్యాకెట్లు కొనే దారి మూసేశారు. చాలా దేశాల్లో మాత్రం తెరిచే ఉంది.

ఆట మానేయమని నేను అనను. మా అబ్బాయినీ మానమనలేదు. ఎలా ఆడాలో చెప్తా. మై కెరీర్, మై టీమ్ జోలికి పోకుండా అసలు జట్లతో ఇంట్లోనే ఆడండి. క్వార్టర్ 12 నిమిషాలు పెట్టుకోండి, ఎన్‌బీఏలో అంతే. షాట్ మీటర్ ఆపేసి, తెర మీద గీత కాకుండా ఆటగాడి చేతిని చూసి వదలడం నేర్చుకోండి. వారం పడుతుంది, కానీ ఆ వారం తర్వాత వచ్చే ఆనందం ఏ ప్యాకెట్‌లోనూ ఉండదు. కొనేవాళ్ళు తొందరపడకండి, కొన్ని నెలలాగితే ఈ సిరీస్ ఆటలు ఎలాగూ సగానికి సగం ధర తగ్గుతాయి. తల్లిదండ్రులు ప్లేస్టేషన్‌లో పిల్లల పేరుతో విడిగా ఖాతా తెరిచి, నెలకి ఎంత ఖర్చు పెట్టొచ్చో మీరే హద్దు పెట్టండి. సున్నా పెట్టినా ఆట ఆగదు. మీ కార్డు నంబరు మాత్రం అందులో దాచి ఉంచకండి.

కుర్రాళ్ళకి ఒక్క పేరు చెప్తా, సత్నాం సింగ్. పంజాబ్‌లో బల్లో కే అనే చిన్న ఊరు, రైతు కొడుకు. లూధియానా అకాడమీలో నేర్చుకుని, అమెరికా వెళ్ళి, 2015లో డల్లాస్ జట్టు 52వ పేరుగా ఎంచుకుంటే, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడయ్యాడు. అంత చేసినా లీగ్‌లో ఒక్క అసలు మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. 60 నుంచి 61కి ఎక్కడం అసలు లోకంలో అంత కష్టం. ఆ కష్టం ఎంతో తెలిసినవాడికి ఆటలో పచ్చరంగు మెరిసినప్పుడు విలువ తెలుస్తుంది.

కంట్రోళ్ళకి నా మార్కులు పదికి ఎనిమిది. కదలికలకీ అంతే. నిజాయితీకి మూడు, అది కూడా వీసీ లేకుండా ఆడే దారి ఇంకా మూసేయనందుకు.