మిక్సింగ్‌లో తెరకు హద్దు
పదడుగుల గదిలో పాట మిక్స్ చేసేవాళ్లకు, ఏ పౌనఃపున్యం ఎంతుందో తెర మీద గీతగా చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ నిజంగా అవసరం. అంత పొడవున్న గదిలో 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య చిక్కుకుంటుంది. అదే బేస్ గోడ వారన హోరెత్తుతుంది, గది నడిమధ్య దాదాపు మాయమవుతుంది. అక్కడ చెవిని నమ్మలేం. వోక్సెంగో స్పాన్ లాంటి ఉచిత ఎనలైజర్ ప్లగిన్‌కు ఆ గదితో పనిలేదు. కిక్ డ్రమ్, బేస్ గిటార్ ఒకేచోట పోగుపడితే ఇట్టే పట్టిస్తుంది. గాత్రం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ కిటికీ మూసెయ్యాలి. ఒకే తీవ్రతతో మోగించినా అన్ని పౌనఃపున్యాలూ చెవికి ఒకేలా వినపడవని, 3,000-4,000 హెర్ట్జ్ ప్రాంతంలో చెవి మరీ చురుకని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపారు. ఎనలైజర్ గీతలో ఆ తేడా ఉండదు. పైగా స్పాన్ డిఫాల్ట్‌గా ఆక్టేవ్‌కు 4.5 డెసిబెల్స్ వాలు కలిపి చూపిస్తుంది. ఆ అమరిక మారిస్తే అదే పాట బొమ్మ మారిపోతుంది. అలాంటి గీతను బల్లపరుపు చేయాలని ఈక్యూ తిప్పుతూ కూర్చుంటే ముందు పోయేది వీణ మీటులోని పదును, గాయని ఊపిరి. ఎంత నష్టం! విడుదలైన మంచి పాటను పక్కన పెట్టుకుని, రెండింటి వాల్యూమ్ సమం చేసి, మెల్లగా మోగించి వింటే గొంతు ఎక్కడ మరుగున పడిందో ఆ గీతకంటే ముందే తెలుస్తుంది.