పిల్లితో ఫారిన్ ప్రయాణం: వీసా వచ్చాక మొదలుపెడితే లేటే!

2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు, పెంచుకున్న జాగ్వార్‌ను, బ్లాక్ పాంథర్‌ను వదిలి రానంటూ తణుకుకు చెందిన ఓ డాక్టర్ అక్కడే ఉండిపోవడం గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద జంతువులు కాకపోయినా, ఇంట్లో తిరిగే మామూలు పిల్లిని దేశం దాటించడమూ తేలికేం కాదు.

రావికమతం నుంచి ఓ స్టూడెంట్ జర్మనీ వెళ్తున్నారనుకుందాం. పాస్‌పోర్టు, బ్యాంకు లోను అన్నీ ముందే చూసుకుంటారు. పిల్లి గుర్తొచ్చేది టికెట్ బుక్ చేశాకే. సమస్యంతా అక్కడే! యూరోపియన్ యూనియన్ రూల్స్ ప్రకారం ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. వరస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు. టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించాలి. దాన్ని ఈయూ గుర్తించిన ల్యాబ్‌లోనే టెస్ట్ చేయించాలి. రిజల్ట్ బాగున్నా సరే, రక్తం తీసిన రోజు నుంచి మరో 3 నెలలు ఆగాల్సిందే. అంటే తక్కువలో తక్కువ 4 నెలలు. రేబిస్ విషయంలో ఈయూ మినహాయింపు ఇచ్చిన దేశాల్లో భారత్ లేకపోవడమే కారణం.

మన ఊళ్లలో పిల్లికి టీకా వేయించేవాళ్లే తక్కువ. పైగా స్థానిక పశువుల డాక్టర్ సంతకంతో పని అయిపోదు. కేంద్ర జంతు క్వారంటైన్ విభాగం సర్టిఫికెట్ కోసం హైదరాబాదో, చెన్నైయో వెళ్లాలి.

అమెరికా అయితే పిల్లుల విషయంలో కాస్త నయం. ఆస్ట్రేలియాకు మాత్రం ఇక్కడి నుంచి నేరుగా తీసుకెళ్లే దారే లేదు. మధ్యలో వాళ్లు ఆమోదించిన మరో దేశంలో ఉంచాలి.