రాజకీయోపన్యాసములలో దాస్యకాలపు చరిత్ర

వేదికమీద నిలిచి మాటలాడువానికి చరిత్ర మిక్కిలి యక్కరకు వచ్చు సాధనము. తన వాదమునకు బలము చాలదని తోచినప్పుడు అతడు పూర్వులను సాక్ష్యమునకు బిలుచును. ఆ పూర్వులు సమాధులనుండి లేచివచ్చి "మేమట్లు చేయలేదు, మేమట్లు పలుకలేదు" అని చెప్పజాలరు గదా! కావున వారి పేర జరుగు సాక్ష్యము నిజమో కాదో విచారించు భారము వినువారిమీద బడుచున్నది. ఈ భారమును మోయుటకు మనలో ననేకులకు దీరికయు లేదు, ఇష్టమును లేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, ఇంగ్లండులోను రాజకీయోపన్యాసములందు దాస్యకాలపు ప్రసక్తి నేటికిని తఱచుగా వచ్చుచున్నది. చెప్పబడు సంగతులలో గొన్ని నిజములు, కొన్ని సగము నిజములు, కొన్ని వట్టి పొరపాటులు. "దాస్యము చెడ్డదని యందఱు నొప్పుకొనినప్పుడు తేదీలను, అంకెలను బట్టుకొని వేలాడనేల?" అని వక్తృత్వ పోటీలలో బాల్గొను విద్యార్థులు కొందఱు అడుగుచుందురు. ప్రశ్న సహజమైనదే. కాని నేను దానికి సమ్మతింపజాలను.

చరిత్రను దప్పుగా జెప్పుట గాలిలో గలిసిపోవు దోషము కాదు. 1857 మార్చి 6వ తేదీన అమెరికా సుప్రీముకోర్టు ప్రధాన న్యాయాధిపతియగు రోజరు టానీ, డ్రెడ్ స్కాట్ అను దాసుని వ్యాజ్యములో దీర్పు చెప్పుచు, రాజ్యాంగము పుట్టిననాడు నల్లవారు పౌరులుగా నెంచబడలేదనియు, కావున వారి సంతతివారు సంయుక్త రాష్ట్రముల పౌరులు కాజాలరనియు నిర్ణయించెను. ఇది ధర్మశాస్త్ర నిర్ణయమువలె గనబడినను దీని పునాది యొక చారిత్రక వాక్యము. ఆ వాక్యము తప్పు. ఆ న్యాయస్థానములోనే కూర్చున్న బెంజమిన్ కర్టిస్ అను న్యాయాధిపతి తన భిన్నాభిప్రాయములో, న్యూహాంప్‌షైరు, మసాచుసెట్సు, న్యూయార్కు, న్యూజెర్సీ, ఉత్తర కెరొలైనా అను అయిదు రాష్ట్రములలో స్వతంత్రులైన నల్లవారికి ఆ కాలముననే ఓటుహక్కు గలదని చూపెను. ఆ సంవత్సరము జూను 26న స్ప్రింగ్‌ఫీల్డులో అబ్రహాం లింకను ఉపన్యసించుచు కర్టిసు చూపిన యీ సంగతినే ప్రజలయెదుట బెట్టెను. కాని స్కాటునకు న్యాయస్థానము స్వాతంత్ర్య మీయలేదు. ఆ యేడు మే నెలలో క్రొత్త యజమాని విడిచిపెట్టగా భార్యాబిడ్డలతో విముక్తుడై, ఏడాదిన్నరయైన ననుభవింపక 1858లో మరణించెను. చరిత్రలోని తప్పు ఒక మనిషి మెడకు గట్టిన రాయి కాగలదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

లింకను మాట వచ్చినది గనుక, ఉపన్యాసములో చరిత్ర నెట్లు వాడవలెనో తెలుపు 1860 ఫిబ్రవరి 27వ తేదీనాటి యుపన్యాసమును గూర్చి కొంచెము వివరముగా జెప్పుట న్యాయము. అది న్యూయార్కునందలి కూపర్ సంస్థ భవనములో జరిగినది. అంతకు ముందు ఒహైయో రాష్ట్రములోని కొలంబసులో సెనేటరు స్టీఫెన్ డగ్లసు, రాజ్యాంగము నిర్మించిన పెద్దలకు ఈ దాస్య ప్రశ్న మనకన్న బాగుగా దెలియునని పలికియుండెను. లింకను ఆ మాటను గాదనలేదు. సరే, ఆ పెద్దలెవరో, వారేమి చేసిరో చూతమనెను. రాజ్యాంగముపై జేవ్రాలు చేసినవారు 39 మంది. క్రొత్త సీమలలో దాస్యమును నియమించు నధికారము కేంద్ర ప్రభుత్వమునకు గలదా లేదా యన్న విషయమున వారిలో నెవరెవరు ఎప్పుడెప్పుడు ఓటు వేసిరో పాత గ్రంథములను, సభల లేఖ్యములను వెదకి చూచెను. 1784లో నలుగురు, 1789లో పదునార్గురు, 1819-20లో మిస్సూరి తగవునాడు ఇరువురు, ఇట్లు ఒక్కొక్కరి లెక్క తీసెను. మొత్తము 23 మంది ఏదో యొకప్పుడు ఈ విషయమున గార్యము నడపిరి. వారిలో 21 మంది కేంద్రమున కధికారము గలదన్నట్లుగనే నడచుకొనిరి. ఇద్దఱు మాత్రము ప్రతికూలురు. మిగిలిన పదునార్గురి యభిప్రాయము ఓట్లలో దొరకలేదని యతడే ఒప్పుకొనెను.

ఇందులో నన్నాకర్షించినది గెలుపు కాదు. ఉత్తర కెరొలైనా, జార్జియా రాష్ట్రములు తమ భూములను కేంద్రమున కిచ్చునప్పుడు అచ్చట దాస్యమును నిషేధింపరాదని షరతు పెట్టినవనియు, అందుచేత కాంగ్రెసు ఆ సీమలలో దానిని పూర్తిగా నిషేధింపలేదనియు లింకను తన నోటనే చెప్పెను. ఈ సంగతి అతనికి ప్రతికూలము. దాచియుంచిన ఆ సభలో నెంతమంది కనిపెట్టగలిగియుందురు? పిమ్మట ఆ యుపన్యాసము 1860లోనే పుస్తకముగా వెలువడినప్పుడు, చార్లెస్ నాట్, సీఫస్ బ్రెయినర్డ్ అను ఇద్దఱు న్యాయవాదులు ప్రతి సంగతికిని మూలము వెదకి అడుగున వివరణలు చేర్చిరి. అంత పరీక్షకు నిలిచిన ఉపన్యాసములు రాజకీయములలో నెన్ని? ఆ లెక్కలోను విమర్శింపదగినది లేకపోలేదు. ఆ లెక్కకు వచ్చినవారిలో వాషింగ్టనువంటి దాసయజమానులును గలరు. ఒక సీమలో దాస్యమును వలదన్నంత మాత్రమున వారు దాస్యమునకే శత్రువులైరని చెప్ప వీలులేదు. లింకను అంతదూరము పోలేదు. చట్టపు అధికారము గలదా యన్న మేరకే తన వాదమును నిలిపెను.

ఆ మేరను దాటినవారి గతి యేమగునో 2011లో తెలిసినది. ఆ సంవత్సరము జనవరిలో కాంగ్రెసు సభ్యురాలు మిషెల్ బాక్‌మన్ అయోవాలో మాటలాడుచు, దేశస్థాపకులు దాస్యము నశించువఱకు విశ్రాంతి లేక పాటుపడిరని చెప్పి, జాన్ క్విన్సీ ఆడమ్సును ఉదాహరించెను. ఆడమ్సు గొప్పవాడే. కాంగ్రెసులో దాస్యవిషయకములైన అర్జీలను చర్చింపరాదను నిబంధన 1844లో రద్దగువఱకు దానితో బోరాడెను. 1841లో అమిస్టాడ్ ఓడలోని ఆఫ్రికనుల పక్షమున సుప్రీముకోర్టులో వాదించెను. కాని 1776 జులైలో అతడు తొమ్మిదేండ్లు నిండని బాలుడు. 1848లో మరణించెను. దాస్యమును రద్దుచేసిన పదుమూడవ సవరణ 1865లో వచ్చినది. స్థాపకులలో జెఫర్సను జీవితకాలములో ఆరువందలకు మించిన దాసులకు యజమానిగా నుండెను. తేదీ తప్పినదని నేను వగచుట లేదు. ఆ తప్పువలన పని చేసినవారి పేరు చెఱగి, చేయనివారి పేరు నిలుచుచున్నది. దాస్యమునుండి పాఱిపోయివచ్చి ఊరూర నుపన్యసించిన ఫ్రెడరిక్ డగ్లసువంటివారును, అంతర్యుద్ధమున ఉత్తరపు సేనలో జేరిన ఇంచుమించు లక్షయెనుబదివేల నల్లజాతి సైనికులును ఆ వాక్యములో లేరు. అంకె తప్పిన తప్పు వేఱు, కర్త తప్పిన తప్పు వేఱు. మొదటిదానిని దిద్దుకొనవచ్చును; రెండవది ఒకరి శ్రమను మఱియొకరి కంటగట్టుట.

రెండవ పక్షమువారును తప్పు చేయకపోలేదు. 1787నాటి రాజ్యాంగము నల్లవానిని మనిషిలో అయిదింట మూడుపాళ్లుగా నెంచినదని ఎందఱో వక్తలు పలుకుదురు. వినుటకు హృదయము మండును, చప్పట్లును మ్రోగును. జరిగిన దేమన, ప్రతినిధిసభలో స్థానములను జనసంఖ్యనుబట్టి పంచునప్పుడు దాసులను లెక్కింపవలెనా వలదా యని తగవు వచ్చినది. పూర్తిగా లెక్కింపవలెనన్నవారు దాసయజమానులు! వలదన్నవారు ఉత్తర రాష్ట్రములవారు. అయిదింట మూడు వారి రాజీ. స్వతంత్రుడైన నల్లవాడు ఆ లెక్కలో ఒక పూర్తి మనిషియే. 1860లో గ్లాస్గో నగరమున ఫ్రెడరిక్ డగ్లసు ఈ నిబంధన దాసరాష్ట్రములకు లోటే గాని లాభము కాదని వాదించెను. నాకు మాత్రము డగ్లసు మాటయు పూర్తిగా రుచింపదు; ఓటులేని దాసుని తలలను లెక్కించి యజమానికి అదనపు స్థానము లిచ్చుట లాభము గాక మఱేమి? అయినను ఈ తగవంతయు తెలిసినవాడు మాటలాడినయెడల దాస్యపు దుర్మార్గము మఱింత స్పష్టముగా గనబడును. అతిశయోక్తిచేత సత్యమునకు కలిగిన నష్టము ఇదియే: సగము తెలిసినవాడు లేచి "ఇది తప్పు" అన్నప్పుడు శ్రోతలు మిగిలినదియు తప్పేమో యని శంకింతురు.

ఈ శంకను వాడుకొనువారును గలరు. 2016 జులై 25న ఫిలడెల్ఫియాలో మిషెల్ ఒబామా, తాను నిద్రలేచు ఇల్లు దాసులు కట్టిన యిల్లని చెప్పెను. శ్వేతసౌధమునకు 1792లో శంకుస్థాపన జరిగెను, 1800లో జాన్ ఆడమ్సు అందు ప్రవేశించెను. నగరనిర్మాణాధికారులు దాసులను యజమానులవద్ద కూలికి దీసికొని, ఆ కూలి యజమానులకే చెల్లించిరి. రాతిగనులలోను, ఇటుకల బట్టీలవద్దను, రంపపు గోతులలోను దాసులు పనిచేసిరి. వారితోపాటు స్కాట్లండునుండి వచ్చిన రాతిపనివారును, స్వతంత్రులైన నల్లవారును గలరు. కావున ఆమె మాట నిజము, సమగ్రము కాదు. లోపలిభాగమంతయు 1948 మొదలు 1952 వఱకు ట్రూమను కాలమున తీసివేసి మరల గట్టిరని చెప్పి ఆమె మాటను గాదనుట పిల్లల తగవు. మఱునాడు ఒక ప్రసిద్ధ టెలివిజను వ్యాఖ్యాత, ఆ దాసులకు మంచి తిండియు, తగిన వసతియు నుండెనని పలికెను. అప్పటి సాక్షి యొకరు గలరు. ఆడమ్సు భార్య అబిగెయిల్ 1800 నవంబరులో తన కిటికీనుండి పనిచేయు దాసులను జూచి, వారు అర్ధాకలితో, చాలినన్ని బట్టలు లేక యున్నారని బంధువునకు వ్రాసెను. ఒక వాక్యములోని కొఱతను బట్టుకొని అంతకన్న పెద్ద అబద్ధమును లోనికి దెచ్చుట ఇట్లు జరుగును.

చెప్పినదానిలో తప్పుండుట యొకటి, చెప్పవలసినదానిని చెప్పకుండుట మఱియొకటి. 2023 డిసెంబరు 27న న్యూహాంప్‌షైరులోని బెర్లిను పట్టణమున, భారతీయ సంతతికి జెందిన నిక్కీ హేలీని అంతర్యుద్ధమునకు గారణమేమని యొకరడిగిరి. ఆమె ప్రభుత్వపు పాత్రను, వ్యక్తి స్వాతంత్ర్యమును గూర్చి మాటలాడెను గాని దాస్యమను పదమును పలుకలేదు. మఱునాడు, దాస్యమే కారణమని ఒప్పుకొనెను. ఆమె గవర్నరుగా నుండిన దక్షిణ కెరొలైనా 1860 డిసెంబరులో సమాఖ్యను వీడుచు ప్రకటించిన పత్రములో, పాఱిపోయిన దాసులను ఉత్తరపువారు తిరిగి యప్పగించుట లేదన్నదే ముఖ్యమైన ఫిర్యాదు. దక్షిణ సమాఖ్య ఉపాధ్యక్షుడు అలెగ్జాండరు స్టీఫెన్సు 1861 మార్చి 21న సవానాలో, తమ ప్రభుత్వపు మూలరాయి జాతుల అసమానత్వమును, దాస్యమును అని దాపరికము లేక చెప్పెను. యుద్ధములో నోడిన పిమ్మట 1868లో గ్రంథము వ్రాసి, తగవు రాష్ట్రముల హక్కులనుగూర్చినదనెను. ఆయన రెండవ మాటను నమ్మినవారికి మొదటి మాట చదువుటకు తీరిక లేకపోయెను గాబోలు.

ఇక మన దేశమునకు దగులు సంగతి. బ్రిటిషు పార్లమెంటు 1833లో చట్టము చేసి సామ్రాజ్యములోని దాసులనందఱను విడిపించినదని ఇంగ్లండులో తఱచుగా జెప్పుదురు. 2018 ఫిబ్రవరిలో ఆ దేశపు ధనశాఖయే ట్విటరులో అట్లు ప్రకటించి, అందుకై చేసిన ఋణము 2015లో తీరినదని ప్రజలను అభినందించి, విమర్శలు రాగా ఆ ప్రకటనను తొలగించెను. ఆ రెండుకోట్ల పౌనులు చేరినది యజమానులకు. దాసులకు కాసైన దక్కలేదు. సరికదా, 1838 వఱకు అప్రెంటిసులను పేర వారిచేత గూలి లేని పని చేయించిరి. అన్నిటికన్న ముఖ్యమైనది, ఆ చట్టము ఈస్టిండియా కంపెనీ యేలుబడిలోని దేశములకు వర్తింపదని అందులోనే వ్రాయబడియున్నది. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలును అందు జేరినవే. దాస్యమును న్యాయస్థానములు గుర్తింపరాదను అయిదవ చట్టము మనకు 1843లో వచ్చినది. మనుష్యులను దాసులుగా గొనుట, అమ్ముట శిక్షార్హమైనది 1862లో అమలునకు వచ్చిన శిక్షాస్మృతివలన. "సామ్రాజ్యమంతటను" అన్న ఒక్క మాటలో మన పూర్వులు కనబడకుండ పోయిరి.

1834 తరువాత చెఱకుతోటలకు గూలీలు కావలసిరాగా, కోరంగి రేవునుండి మారిషసునకు బోయిన తెలుగువారిని అచ్చట కోరంగీలనిరి. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో యను ఓడలో నేటాలునకు జేరిన మొదటి కూలీలలోను తెలుగువారు గలరు. నేటి వేదికలమీద కొందఱు ఈ ఒప్పందపు కూలిని దాస్యమే యందురు. మఱికొందఱు స్వేచ్ఛావలస యందురు. 1912 మార్చి 4న శాసనసభలో గోపాలకృష్ణ గోఖలే దానిని రద్దుచేయవలెనని తీర్మానము దెచ్చెను. తెలియని దేశము, తెలియని యజమాని, విడిచిపోరాని తోట, అర్థము కాని చట్టము, పని మానినయెడల చెఱసాల, ఇట్లు షరతులను వరుసగా జెప్పి, పేరేదైనను ఈ పద్ధతి దాస్యపు టెల్లను దాకుచున్నదనెను. సర్కారువారి ఓట్లతో ఆ తీర్మానము ఓడిపోయెను. అయిదేండ్లకు, 1917లో, కూలీలను జేర్చుట నిలిపివేసిరి.